మారియో, కాంట్రా మన ఇళ్లకు వచ్చిన దారి

1990లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పెరిగినవారిని చిన్నప్పటి వీడియో గేమ్‌ల గురించి అడిగితే జాబితా దాదాపు ఒకే తీరుగా వస్తుంది. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆటగా పేరుపడిన బ్యాటిల్ సిటీ, తుపాకీతో కాల్చే బాతుల ఆట, రోడ్ ఫైటర్, బాంబర్‌మ్యాన్, సర్కస్. ఈ ఆటలు నడిచిన యంత్రంపైనే జపాన్ పిల్లలు ప్రాణంగా ఆడిన, కథతో సాగే డ్రాగన్ క్వెస్ట్ గానీ ఫైనల్ ఫాంటసీ గానీ ఆ జాబితాలో కనిపించవు. ఇది మన పిల్లల అభిరుచికి సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు కానీ, అభిరుచికి ఇందులో ఉన్న పాత్ర చాలా తక్కువ. ఏ ఆట మన ఇంటి టీవీ దాకా రావాలో తైవాన్ చిప్‌ల కర్మాగారాలు, మెమరీ చిప్ ధర, మన దిగుమతి నిబంధనలు కలిసి ముందే తేల్చేశాయి.

మూలం జపాన్‌లో ఉంది. నింటెండో సంస్థ 1983 జూలై 15న ఫ్యామికామ్ అనే గృహ వీడియో గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. దాన్ని రూపొందించిన బృందానికి మసయుకి ఉయెమురా నాయకుడు. రెండు కిలోబైట్ల పని మెమరీ (ర్యామ్), సెకనుకు 18 లక్షల చక్రాల (పని విడతల) లోపు వేగంతో నడిచే ప్రాసెసర్, 60 పిన్నుల (లోహపు కొనల) క్యాసెట్ దీని ప్రధాన లక్షణాలు. ఇదే యంత్రాన్ని 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికాకు తీసుకెళ్లినప్పుడు నింటెండో క్యాసెట్‌ను 72 పిన్నులకు మార్చి, అనుమతి లేని ఆటలు నడవకుండా ఒక తాళం చిప్‌ను చేర్చింది. జపాన్ యంత్రంలో ఆ తాళం లేదు. నకలు తయారుచేసేవారికి దారి తెరిచింది ఈ తేడాయే. అందుకే ప్రపంచమంతటా వెలసిన నకళ్లలో అత్యధికం అమెరికా నమూనాను వదిలి జపాన్ 60 పిన్నుల నమూనానే అనుసరించాయి.

1980ల చివరికల్లా తైవాన్‌లో యూఎంసీ వంటి చిప్ సంస్థలు ఫ్యామికామ్ ప్రాసెసర్‌కూ తెరపై బొమ్మలు గీసే చిప్‌కూ నకళ్లు తయారుచేయసాగాయి. ఆ తరువాత మొత్తం యంత్రం ఒకే చిప్‌లోకి ఇమిడిపోయింది. ఆ యంత్రమే రష్యాలో డెండీగా, పోలండ్‌లో పెగాసస్‌గా, మన దేశంలో లిటిల్ మాస్టర్ వంటి రకరకాల పేర్లతో అమ్ముడైంది. అసలు కంపెనీల సరుకు ఇక్కడికి రావడం ఎంత కష్టమో చెప్పడానికి జపాన్ గేమ్ సంస్థ సెగా ఉదంతం చాలు. భారీ దిగుమతి సుంకాన్ని తప్పించుకునేందుకు సెగా 1990ల నడుమ, మద్యం వ్యాపారంతో పేరుపడ్డ షా వాలెస్‌తో పంపిణీ ఒప్పందం చేసుకుంది. అయినా సెగా గేమ్ యంత్రం మెగా డ్రైవ్ ధర సుమారు 18 వేల రూపాయలు పలికింది. మధ్యతరగతి ఇంట్లో అంత డబ్బు పెట్టి ఆటవస్తువు కొనడం ఊహకందని మాట. వినియోగ వస్తువుల దిగుమతిపై ఉన్న పరిమాణ ఆంక్షలు పూర్తిగా తొలగింది 2001 ఏప్రిల్‌లోనే. ఆలోపు కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరికిన నకలు పెట్టెలూ, గల్ఫ్ నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లోంచి బయటపడినవీ తప్ప పిల్లలకు వేరే గతి లేదు.

ఇక ఆటల ఎంపికకు వద్దాం. ‘9999 ఇన్ 1’ అని రాసి ఉన్న పసుపుపచ్చ క్యాసెట్ పెట్టి టీవీ ఆన్ చేస్తే తెర మీద పొడవాటి జాబితా కనిపించేది. మొదటి పేజీలో ఉన్నవి నిజమైన ఆటలే. కిందికి పోయేకొద్దీ అవే ఆటలు కొత్త పేర్లతో, వేరే స్టేజీ నుంచి మొదలయ్యేలా మళ్లీ మళ్లీ వచ్చేవి. ఈ మోసం అందరికీ తెలుసు. తెలియనిది, ఆ మొదటి పేజీలోకి ఆ ఆటలే ఎందుకు వచ్చాయన్నది. 1983–86 మధ్య వచ్చిన తొలి ఫ్యామికామ్ ఆటలు చాలా చిన్నవి. బ్యాటిల్ సిటీ మొత్తం 24 కిలోబైట్లు, 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 40 కిలోబైట్లు. ఆ 40లో ఇమడ్చడం కోసమే మారియోలో మబ్బుకూ నేల మీది పొదకూ ఒకే బొమ్మను వాడి రంగు మాత్రం మార్చారు. వీటికి క్యాసెట్‌లో అదనపు చిప్ ఏదీ అవసరం లేదు. కాబట్టి ఒక చవక మెమరీ చిప్‌లో ఇలాంటివి పదుల సంఖ్యలో కుక్కవచ్చు. పెద్ద ఆటల సంగతి వేరు. ఫైనల్ ఫాంటసీకి 256 కిలోబైట్ల చోటుతో పాటు ఆట ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే మెమరీ, దానికి బ్యాటరీ కూడా కావాలి. పైగా తెర నిండా జపనీస్ లిపి. చదవాల్సిన అవసరం లేకుండా, దాచుకోవాల్సిన పని లేకుండా, కరెంటు పోయేలోగా ఎంత ఆడితే అంతే అనుకోగల ఆటలే మన దాకా వచ్చాయి.

ఈ లెక్కకు లొంగనిది కాంట్రా. 1988లో వచ్చిన ఈ కొనామి ఆట అమెరికా కూర్పే 128 కిలోబైట్లది, అంటే మారియోకు మూడు రెట్ల పైమాటే. ఇది విడిగానో, నాలుగైదు ఆటలు మాత్రమే ఉన్న క్యాసెట్‌లోనో దొరికేది, అందుకే అది ఉన్న ఇంటికి వీధిలో ప్రత్యేక గౌరవం. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఆపై ఎడమ కుడి, ఎడమ కుడి నొక్కి బి, ఏ కొడితే 30 లైఫ్‌లు వచ్చే కిటుకు ఏ పత్రికలోనూ చదవకుండానే పిల్లలందరికీ తెలిసిపోయింది. ఆ కిటుకు కాంట్రా కోసం పుట్టింది కాదు. కొనామి ఉద్యోగి కజుహిసా హషిమోతో గ్రాడియస్ అనే ఆటను ఫ్యామికామ్‌కు మార్చేటప్పుడు పరీక్షించడం కష్టంగా ఉందని తన సౌకర్యం కోసం పెట్టుకున్నది.

మనం ఆడిన మారియోకూ జపాన్ మారియోకూ మరో తేడా కూడా ఉంది. జపాన్ టీవీలో సెకనుకు 60 చిత్రాలు, పాల్ అనే ప్రసార పద్ధతి వాడే మన టీవీలో 50. పాల్ దేశాల కోసం తయారైన నకలు చిప్‌లు జపాన్ ఆటలను మార్పు లేకుండా ఆడించేలా చేశారు గనుక ఆట ఆరింట ఒక వంతు నెమ్మదిగా నడిచేది. సంగీతంలో శ్రుతి దాదాపు మారేది కాదు, లయ మాత్రం సాగేది. ఇప్పుడు ఫోన్‌లో ఆడితే మారియో మరీ తొందరపడుతున్నాడని కొందరికి అనిపించడానికి వయసొక్కటే కారణం కాదన్నమాట.

బాతుల ఆట తుపాకీ పనితీరు ఇంకా విచిత్రం. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకానికి ముందు చీకటి, తరువాత వెలుతురు కనిపిస్తేనే దెబ్బ తగిలినట్టు. బల్బు వైపు గురిపెట్టి గెలవకుండా ఉండేందుకే ముందు ఆ చీకటి. పిక్చర్ ట్యూబ్ టీవీలో ఆ మెరుపు ఆలస్యం లేకుండా వస్తుంది, నేటి ఎల్‌సీడీ తెరలో ఆ లెక్క తప్పుతుంది. పాత పెట్టెను అటక మీది నుంచి దించి కొత్త టీవీకి తగిలించినవారికి మిగతా ఆటలు ఆడినా తుపాకీ మాత్రం పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఈ ఆటలను భద్రపరచడం చర్చనీయాంశమైంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు మార్కెట్లో దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అలాంటి ఆటలను పరిశోధకులు గ్రంథాలయానికి రాకుండా ఇంటర్నెట్ ద్వారా ఆడి చూసేందుకు కాపీరైట్ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వాలన్న వినతిని 2024లో అమెరికా కాపీరైట్ కార్యాలయం తిరస్కరించింది. నింటెండో స్వయంగా 2016లో 30 ఆటలతో చిన్న ఎన్‌ఈఎస్‌ను తిరిగి విడుదల చేసినప్పుడు అందులో కాంట్రా రెండో భాగం ఉంది గానీ మొదటిది లేదు. అయినా ఆ ఆటలకు హక్కుదారులున్నారు, ఏదో ఒక రూపంలో మళ్లీ వస్తాయి. మన క్యాసెట్లకు ఆ భరోసా కూడా లేదు. బ్యాటిల్ సిటీని మార్చి ట్యాంక్ 1990గా అల్లినవారి పేరు గానీ, ఆ మెనూ తెరలు గీసినవారి పేరు గానీ వాటి మీద సాధారణంగా ఉండదు. హక్కు తమదని ముందుకొచ్చే సంస్థ ఉండదు గనుక చట్టబద్ధంగా పునర్ముద్రణ అసాధ్యం. క్యాసెట్ విప్పితే లోపల పేరున్న చిప్‌కు బదులు నల్లటి జిగురు ముద్ద మాత్రమే కనిపిస్తుంది. పిన్నుల ద్వారా లోపలి సమాచారాన్ని చదివి దాచే పనిని ప్రస్తుతం కొందరు ఔత్సాహికులు సొంత ఖర్చుతో చేస్తున్నారు.