టీబీ టీకాకి మూత్రాశయంలో ఏం పని?

రాజాం నుంచి ఒకాయన అడిగారు: "మా పెదనాన్నకి విశాఖలో మూత్రాశయం కేన్సర్ గడ్డ తీసేశారు. ఇప్పుడు బీసీజీ ఎక్కిస్తారట. అది టీబీ టీకా కదండీ, ఆయనకి టీబీ కూడా ఉందా?"

లేదు. గడ్డ పైపొరల్లోనే ఉంటే మూత్రనాళం గుండా గొట్టం పంపి గీకేస్తారు. కత్తి తగిలితే కేన్సర్ పాకుతుందని మన ఊళ్లలో భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి, అసలు చిక్కు ఇది మళ్లీ మళ్లీ మొలిచే రకం కావడం.

ఆపడానికి ఒక దారి మైటోమైసిన్. కణంలోని డీఎన్ఏ పోగులు రెంటినీ కలిపి కుట్టేసే విషం ఇది. గీకిన 24 గంటల్లోపు మూత్రాశయంలోకి ఒక్క డోసు పోస్తే, తేలుతున్న కేన్సర్ కణాలు గోడకి మళ్లీ అంటుకోకుండా చస్తాయి. ప్రమాదం తక్కువున్నవాళ్లకి చాలాసార్లు అదే సరిపోతుంది.

బీసీజీ అలా కాదు, అది చేసేది తేనెతుట్టెని కదపడం! కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచివాళ్లు ఆవుల క్షయ క్రిమిని 13 ఏళ్లు, 230 సార్లు మార్చి మార్చి పెంచి కోరలు పీకిన క్రిమి అది. దాన్ని మూత్రాశయంలోకి పంపొచ్చని 1976లో కెనడాలో మోరేల్స్ అనే డాక్టరు తొమ్మిదిమంది రోగులతో చూపించాడు. పోసిన మందుని రెండు గంటలు బిగబట్టాలి. క్రిములు గోడకి అంటుకోగానే అక్కడి కణాలు సైటోకైన్లు అనే పిలుపు రసాయనాలు వదులుతాయి, న్యూట్రోఫిల్సూ టీ కణాలూ ఎన్‌కే కణాలూ, ఒంటికి కాపలా కాసే ఈ తెల్లకణాలన్నీ తేనెటీగల్లా ముసురుతాయి, వచ్చినవి క్రిమితో ఆగకుండా పక్కనే నక్కిన కేన్సర్ కణాల్నీ కుట్టేస్తాయి. మంట, మాటిమాటికీ మూత్రం ఆ రభస వల్లే. ఈగలు సద్దుమణుగుతాయి కాబట్టే వారానికొకటి చొప్పున ఆరు డోసులయ్యాక మూడో నెల, ఆరో నెల, అలా ఏడాది నుంచి మూడేళ్ల దాకా మళ్లీ మళ్లీ కదుపుతారు.

పోల్చి చూస్తే తేలింది కూడా ఇదే: ఇలా కొనసాగించిన బీసీజీ మైటోమైసిన్ కంటే బాగా ఆపింది, ఆరు వారాలతో మానేస్తే ఆ పైచేయి లేదు. అందుకే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకి మొదట దీన్నే ఇస్తారు. మూత్రంలో రక్తం కనిపిస్తుంటే మాత్రం ఆ వారం వాయిదా, క్రిమి రక్తంలోకి దూరితే ఒళ్లంతా రభసే. "జ్వరమొచ్చింది, మందు పనిచేస్తోంది" అని ఊరుకోకండి, తగ్గకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

పెదనాన్నగారు చుట్ట కాలుస్తారా? అయితే ఆపించండి, ఆ పొగలోని విషాలు వడకట్టుకుని చేరేది మూత్రాశయంలోనే. మందు వేసిన రోజు ఆరు గంటలపాటు కూర్చునే మూత్రానికి వెళ్లమనండి, ప్రతిసారీ బ్లీచ్ పోసి పావుగంట ఆగి నీళ్లు కొట్టండి, అందులో బతికున్న క్రిములుంటాయి.