‘ఫైర్‌వాల్ అడ్డుకుంటోంది’ అనే అపోహ

లైనక్స్‌లో ఏళ్లుగా నడుస్తున్న సాకెట్ కోడ్‌ని (నెట్‌వర్క్‌లో ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడే కోడ్) విండోస్‌కి మారుస్తారు. కంపైల్ అవుతుంది, కనెక్ట్ మాత్రం అవదు. ఇక అందరూ అనే మాట ఒక్కటే: ‘ఫైర్‌వాల్ బ్లాక్ చేస్తోంది’. నెట్‌వర్క్ టీమ్‌కి టికెట్ పెడతారు, మెయిళ్ల మీద మెయిళ్లు కొడతారు, చివరికి ఫైర్‌వాల్‌నే ఆపేసి చూస్తారు. అయినా అదే తంతు.

వాస్తవం ఏమిటంటే, చాలాసార్లు సాకెట్‌ని మూసేస్తున్నది మన కోడే. నాన్‌బ్లాకింగ్ కనెక్ట్, అంటే పని పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే తిరిగొచ్చే కనెక్ట్, రెండు సిస్టమ్స్‌లోనూ -1 ఇస్తుంది. పని ఇంకా నడుస్తోందన్న సంగతి లైనక్స్‌లో ఎర్ర్‌నో (చివరి ఎర్రర్ నంబర్ దాచే వేరియబుల్) చెబుతుంది, ఈఇన్‌ప్రోగ్రెస్ అని. విండోస్ సాకెట్ లైబ్రరీ అయిన విన్‌సాక్ అసలు ఎర్ర్‌నో జోలికే పోదు. దాని డబ్ల్యూఎస్ఏగెట్‌లాస్ట్‌ఎర్రర్ ఫంక్షన్‌ని అడిగితే 10035 అంటుంది, అంటే ఉడ్‌బ్లాక్, ఇక్కడ దానర్థం ‘ఇంకా పూర్తవలేదు’ అనే. ఈఇన్‌ప్రోగ్రెస్ కోసమే చూసే మన పాత ఇఫ్‌కి ఈ నంబర్ తెలియదు కాబట్టి నిజంగానే ఫెయిలైందనుకుని క్లోజ్ చేస్తుంది.

నా మొదటి పోర్టింగ్‌లో మూడు రోజులు దీనికే పోయాయి. లాగ్‌లో పెర్రర్ (ఎర్ర్‌నోని మాటల్లో రాసే ఫంక్షన్) రాసిన లైన్: ‘కనెక్ట్: నో ఎర్రర్’. ఎర్రర్ లేకుండా ఫెయిలవడం ఏమిటని ఒక్కసారీ అనుమానం రాలేదు, ఫైర్‌వాల్ రూల్స్ తిరగేస్తూ కూర్చున్నా. అందుకే కొత్తవాళ్లు టెన్షన్ పడుతూ వస్తే కోప్పడలేను, ముందు ఆ లైన్ చూపించమంటాను. ఎర్రర్ కోడ్‌ని వెంటనే ఒక వేరియబుల్‌లో దాచుకోండి. మధ్యలో క్లోజ్‌సాకెట్ పిలిచినా అది మారిపోవచ్చు.

ఇది సరిచేశాక సెలెక్ట్ (ఏ సాకెట్ సిద్ధమైందో చెప్పే ఫంక్షన్) దగ్గర ఇంకో గొయ్యి. కనెక్ట్ ఫెయిలైతే లైనక్స్‌లో సాకెట్ రైట్ సెట్‌లో, అంటే రాయడానికి సిద్ధమైనవాటి జాబితాలో, తేలుతుంది. విండోస్‌లో తేలేది ఎక్సెప్ట్ సెట్ అనే వేరే జాబితాలో, అక్కడేమో మనం నల్ (ఏమీ లేదని) ఇచ్చి ఉంటాం. అవతలివాడు రెఫ్యూజ్ చేసినా మనకు తెలియక టైమౌట్ దాకా ఎదురుచూస్తాం. టైమౌట్ కనపడగానే మళ్లీ ఫైర్‌వాల్ మీదే పడతారు!

‘సాకెట్ ఆప్షన్లు రెండు చోట్లా ఒకటే’ అన్నదీ ఉత్తదే. రిసీవ్ టైమౌట్‌కి లైనక్స్ టైమ్‌వాల్ స్ట్రక్చర్ (సెకన్లు, మైక్రోసెకన్లు విడిగా ఉండేది) తీసుకుంటుంది, విండోస్ మిల్లీసెకన్ల అంకె తీసుకుంటుంది. 5 సెకన్లని పెట్టిన స్ట్రక్చర్‌ని అలాగే ఇస్తే విండోస్ దాన్ని 5 మిల్లీసెకన్లుగా చదువుకుంటుంది. రీయూజ్‌అడ్రస్ ఆప్షన్ అయితే మరీ ఘోరం, విండోస్‌లో ఒకే పోర్ట్ మీద రెండో ప్రోగ్రామ్‌ని కూడా కూర్చోనిస్తుంది.

ఫైర్‌వాల్ తప్పు ఎప్పుడూ ఉండదని కాదు. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్ పెట్టి చూడండి. కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్లు పదే పదే వెళ్తూ బదులే రాకపోతే అనుమానించండి. అప్పుడు ఆ క్యాప్చర్ జతచేసి టికెట్ పెట్టండి.