ముందు మేకు చూడండి: ఇంట్లో కట్టే క్యాటపల్ట్ మీద అపోహలు, వాస్తవాలు

ఆదివారం సాయంత్రం ఫోన్ మోగిందంటే విషయం నాకు సగం అర్థమైపోతుంది. ఎవరో ఇంట్లో ట్రెబుషెట్ కట్టారు (ఒక కొసన బరువు కిందికి పడుతుంటే రెండో కొస లేచి బంతిని విసిరే క్యాటపల్ట్ అది, ఆ పొడుగాటి కర్రనే చేయి అంటాం), బంతి ముందుకు పోవడం లేదు. మొన్నా అంతే. "సార్, ఎనిమిది కిలోలతో మొదలుపెట్టి పద్దెనిమిది దాకా వేశాను. బంతి నిట్టనిలువుగా లేచి నా వెనకాలే పడుతోంది. ఇంకో అయిదు కిలోలు వేయమంటారా?"

వద్దండీ. ఉన్నదాంట్లోంచే పన్నెండు కిలోలు తీసేయండి.

పిల్లలకీ, వాళ్ళకంటే హుషారుగా వచ్చే వాళ్ళ నాన్నలకీ చెక్కతో ఇలాంటివి కట్టడం నేర్పుతుంటాను. వినీ వినీ విసుగొచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే.

అపోహ: దూరం రాకపోతే బరువు పెంచాలి. రబ్బరు బ్యాండ్లదైతే ఇంకో నాలుగు బ్యాండ్లు తగిలించాలి.

ఒక్కసారి లెక్క వేద్దాం. టెన్నిస్ బంతి 58 గ్రాములు ఉంటుంది. ఆరు కిలోల బరువు 60 సెంటీమీటర్లు కిందికి దిగితే వచ్చే శక్తి 35 జౌళ్ళు. అదంతా బంతికే చేరి, గాలి అడ్డం లేకపోతే బంతి 120 మీటర్లు దాటాలి. అంత రాదనుకోండి. చేయి తిరగడానికి కొంత, ఇరుసు రాపిడికి కొంత, బంతి వెళ్ళిపోయాక కూడా ఊగుతూ ఉండే బరువుకి ఇంకొంత పోతుంది. టెన్నిస్ బంతి మీది నూగు గాలిని పట్టుకుంటుంది కూడా. మూడో వంతే దక్కినా 40 మీటర్లు. ఎవరి పెరడైనా దాటిపోతుంది. బంతికి వంద రెట్ల బరువు చాలని మేం అనేది ఇందుకే.

మరి బంతి నెత్తిమీదికి ఎందుకు లేస్తోంది? తప్పు క్షణంలో వదులుతోంది కాబట్టి.

బంతి కూర్చునే తాళ్ళ సంచి మన వడిసెలే అనుకోండి. దాని ఒక తాడు చేయి చివర ముడి వేసి ఉంటుంది. రెండో తాడు ఉచ్చు, చేయి కొసన ఉన్న మేకుకి ఊరికే తగిలించి ఉంటుంది. చేయి లేస్తుంటే వడిసెల వెనకనుంచి తిరుగుతూ వస్తుంది, ఎక్కడో ఒకచోట ఉచ్చు మేకు మీంచి జారిపోతుంది. బంతి ఎటు పోవాలో తేలేది అక్కడే. మేకు చేయికి తిన్నగా ఉంటే ఉచ్చు తొందరపడి జారుతుంది, బంతి ఆకాశంలోకో వెనక్కో పోతుంది. మేకు ముందుకి మరీ వంగి ఉంటే ఉచ్చు ఆలస్యం చేస్తుంది, బంతి మీ ముందే నేలకేసి కొట్టుకుంటుంది. బరువు పెంచితే అదే తప్పు దిక్కుకి ఇంకా గట్టిగా పోతుంది, అంతే.

చెంచా లాంటి గిన్నె ఉండే రకానికీ ఇదే గొడవ, కాకపోతే అక్కడ మేకు బదులు అడ్డకర్ర. బంతి చేయికి లంబంగా బయలుదేరుతుంది. చేయి నిటారుగా నిలబడేదాకా రానిచ్చి ఆపితే బంతి నేలకి సమాంతరంగా పోయి త్వరగా పడిపోతుంది. అడ్డకర్రని వెనక్కి జరిపి, చేయి ఇంకా వెనక్కి వాలి ఉండగానే ఆపితే అప్పుడు పైకెత్తి విసురుతుంది. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. రబ్బరు బ్యాండ్లు గుట్టగా పోసి "పవర్‌ఫుల్" అని పేరు పెడతారు.

ఇంతగా చెబుతున్నానంటే, ఆ పని నేనూ చేశాను కాబట్టి. నేను కట్టిన రెండోదో మూడోదో. బంతి నెత్తిమీదికే లేస్తోంది. ఇసుక సంచులు ఒక్కొక్కటే వేసుకుంటూ ఇరవై కిలోలకి వచ్చాను. ఇరుసు ఒక సన్నటి చెక్క కడ్డీ. వదలగానే టప్‌మని చప్పుడు, తర్వాత ఆ కర్ర చేయి అడ్డంగా వచ్చి నా కాలి మీద పడింది. వారం కుంటాను. మర్నాడు విరిగిన ముక్కలు చూస్తుంటే మేకు కనిపించింది, బాణంలా తిన్నగా ఉంది. కొత్త ఇరుసుకి ఇనప కడ్డీ వేసి, ప్లయర్‌తో మేకుని కాస్తంత వంచాను. ఆరు కిలోలకే బంతి గోడ దాటిపోయింది. వెతికినా దొరకలేదు.

వంచేముందు ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్కనుంచి తీయండి. ఉచ్చు మేకుని వదిలిన ఫ్రేమ్ దగ్గర ఆపి చూస్తే వాదనలే ఉండవు. ఒకసారికి ఒకటే మార్చండి, బంతి మాత్రం అదే ఉండాలి. మధ్యయుగపు సైనికులు రాళ్ళని ఒకే బరువు వచ్చేలా గుండ్రంగా చెక్కించుకున్నది ఊరికే కాదు.

అపోహ: మొదటిసారి బంతి లేకుండా ఖాళీగా వదిలితే సేఫ్.

ఇది భయపడే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న, వాళ్ళని నేను తప్పుపట్టను. పిల్లల గురించి టెన్షన్ పడటం న్యాయమే. కానీ బంతి లేనప్పుడు ఆ శక్తి తీసుకుపోయేదేదీ ఉండదు. మొత్తం చేయి మీద, ఇరుసు మీద, చట్రం మీద పడుతుంది. విల్లుని బాణం లేకుండా వదలొద్దనేది కూడా ఇందుకే. బంతి పెట్టే పరీక్షించండి, బరువు మాత్రం పావు వంతుతో మొదలుపెట్టండి.

ఇంకోటి, అందరూ వెనక నిలబడతారు. మేకు సరిగా లేని ట్రెబుషెట్ విసిరేది వెనక్కే! బాగా పక్కకి నిలబడి, పొడుగాటి తాడుతో ట్రిగ్గర్ లాగండి. కంటికి దెబ్బ తగలకుండా కళ్ళద్దాలు పెట్టుకోండి. బరువు పైకెత్తి ఉన్నప్పుడు దాని కింద చేయి పెట్టి ఏదీ సర్దకండి, సర్దాలంటే ముందు బరువు దించండి. ఈ నాలుగూ పాటిస్తే మీ పిల్లలు నిశ్చింతగా ఆడుకోవచ్చు.

మిగతావి గబగబా.

"క్యాటపల్ట్ అంటే పంగలకర్రే కదా?" ఇంగ్లీషులో దానికీ ఆ పేరుంది. నేను మాట్లాడేది చట్రం మీద నిలబడి విసిరేదాని గురించి.

"బంతి 45 డిగ్రీల కోణంలో లేస్తేనే బెస్ట్." గాలి అడ్డం లేనప్పుడు, వదిలిన ఎత్తులోనే పడినప్పుడు. మన బంతి నేలకంటే ఎత్తులో వదులుతుంది, గాలీ ఉంటుంది. 40 దగ్గర మొదలుపెట్టండి.

"చేయి లావుగా ఉంటే బలం." ఇరుసు దగ్గర లావు, కొస దగ్గర సన్నం. కొసన పెరిగే ప్రతి గ్రామూ బంతికి పోవాల్సిన శక్తిని తింటుంది.

"చక్రాలు పెడితే ఊగిపోయి బలం పోతుంది." తలకిందులు. చట్రం ముందుకీ వెనక్కీ కదలగలిగితే బరువు ఇంకా తిన్నగా కిందికి దిగుతుంది, ఎక్కువ శక్తి బంతికి చేరుతుంది.

"పెద్దది కడితేనే అసలైనది." 1304లో స్టిర్లింగ్ కోట ముట్టడికి మొదటి ఎడ్వర్డ్ కట్టించిన వార్‌వుల్ఫ్ బొమ్మ చూసి మొదటిసారే ఆరడుగుల చేయితో దిగేవాళ్ళున్నారు. ఆయనకి వడ్రంగుల దండు ఉంది. మీరు మీటరు చేయితో మొదలుపెట్టండి. ఇరుసుకి బరువు వైపు 20, వడిసెల వైపు 80 సెంటీమీటర్లు. వడిసెల పొడవు చేయి పొడుగు వైపుకి దగ్గరగా ఉండనివ్వండి.

ఆదివారం ఫోన్ చేసినాయన రాత్రి వీడియో పంపాడు. ఆరు కిలోలే వేశాడు, మేకు కూడా వంచాడు. బంతి ఇప్పుడు రెండు గజాల ముందు నేలకేసి కొట్టుకుంటోంది. ఎక్కువ వంచేశాడు. సగం వెనక్కి తిప్పమన్నాను.