సవర బంగారం వెనుక 27 టన్నుల రాయి

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసే చుక్కలు బంగారం కావు, బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. ఆ రాయి కోసం తవ్విన లోతైన గుంతలు, పక్కన పేరుకున్న వ్యర్థపు రాళ్ల గుట్టలు, రోడ్డు పొడవునా లేచే దుమ్ము ప్రకాశం జిల్లా వాళ్లకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా సైదాపురం వైపు అభ్రకం దిబ్బలు, నీళ్లు నిండిన పాత గుంతలు కూడా అంతే. అందుకే బంగారు గని అనగానే ఇలాంటిదే, కాకపోతే ఇంకాస్త పెద్దది అనుకుంటాం. కానీ గ్రానైట్ ముక్క యాభై ఏళ్లు వానలో తడిసినా రాయిగానే ఉంటుంది. బంగారు గని వ్యర్థం చాలాచోట్ల అలా ఉండదు. గాలీ నీరూ తగిలిన రోజు నుంచే దానిలో రసాయన చర్య మొదలవుతుంది. గని మూతపడినా అది ఆగదు.

ముందు లెక్క చూద్దాం. 22 క్యారట్ల సవర, అంటే 8 గ్రాముల నగలో, మేలిమి బంగారం 7.3 గ్రాములు. ఇప్పటి పెద్ద ఓపెన్‌కాస్ట్ (పైనుంచి గుంతలా తవ్వే) గనుల్లో టన్ను ఖనిజానికి ఒకటి రెండు గ్రాములు దొరికితే గని నడుస్తుంది. టన్నుకు 1.5 గ్రాములు ఉండి, అందులో 90 శాతం రాబట్టగలిగితే ఒక్క సవరకు సుమారు 5.4 టన్నుల ఖనిజం పిండి చేయాలి. ఆ ఖనిజాన్ని అందుకోవడానికి పైనా పక్కనా ఉన్న పనికిరాని రాయిని టన్నుకు నాలుగు టన్నుల చొప్పున తీశారనుకుంటే మరో 21.7 టన్నులు. మొత్తం 27 టన్నులు, అంటే దాదాపు మూడు టిప్పర్ల లోడు. పది సవరల పెళ్లి నగకు 270 టన్నులు. ఇందులో నగగా బయటికి వెళ్లేది 73 గ్రాములు. మిగతాదంతా ఆ ఊళ్లోనే ఉండిపోతుంది.

ఖనిజాన్ని క్రషర్‌లో పగలగొట్టి, బాల్ మిల్లులో 75 మైక్రాన్ల పొడి అయ్యేదాకా నూరుతారు. ఈ పొడికి దాదాపు సమాన బరువు నీళ్లు కలిపి బురదలా చేస్తారు. సున్నం వేసి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తగ్గితే ఆమ్లం) 10.5 దగ్గర నిలబెట్టి, సోడియం సైనైడ్ కలిపి, ఒక రోజు అటూ ఇటూగా పెద్ద ట్యాంకుల్లో గాలి పంపుతూ తిప్పుతారు. సైనైడ్, ఆక్సిజన్ కలిసి బంగారాన్ని నీటిలో కరిగిస్తాయి. 1887లో గ్లాస్గోలో కనిపెట్టిన ఈ పద్ధతే ఇప్పటికీ ప్రపంచమంతటా నడుస్తోంది. కరిగిన బంగారాన్ని పట్టేది కొబ్బరి చిప్పల నుంచి తయారుచేసిన యాక్టివేటెడ్ కార్బన్. దాని నుంచి బంగారాన్ని వేడి ద్రావణంతో విడదీసి, కరెంటు పంపి లోహంగా మార్చి కడ్డీ పోస్తారు. బంగారం పోగా మిగిలిన బురదను టెయిలింగ్స్ అంటారు. గట్టు కట్టిన పెద్ద చెరువులోకి దాన్ని పంపిస్తారు.

సున్నం అంత జాగ్రత్తగా వేయడానికి కారణముంది. పీహెచ్ 9.2కు దిగితే సైనైడ్‌లో సగం హైడ్రోజన్ సైనైడ్ అనే, పీలిస్తే ప్రాణం తీసే విషంగా మారుతుంది. అది 26 డిగ్రీలకే మరుగుతుంది. మన ఎండల్లో ఇక చెప్పక్కర్లేదు. సున్నం పంపు ఆగినా, కొలిచే ఎలక్ట్రోడ్ తప్పు చూపించినా ముందు ప్రాణం మీదికి వచ్చేది ట్యాంకు పక్కన నిలబడే కూలీకి. ఊరికి ముప్పు మాత్రం చెరువు గట్టు దగ్గర ఉంటుంది. 2000 జనవరి 30న రుమేనియాలోని బాయా మారే దగ్గర వాన, కరిగిన మంచు కలిసి టెయిలింగ్స్ చెరువులో నీరు పెరిగి గట్టు తెగింది. సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీరు తీసా నది మీదుగా డాన్యూబ్‌లోకి వెళ్లింది. ఒక్క హంగరీలోనే వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చిపోయాయి. సున్నితమైన చేపలకు లీటరు నీటిలో 0.1 మిల్లీగ్రాము సైనైడ్ చాలు. పగలగొట్టిన ఖనిజాన్ని ప్లాస్టిక్ షీటు మీద కొండలా పోసి పైనుంచి సైనైడ్ చిలకరించే హీప్ లీచ్ పద్ధతి చవకైనది, కానీ ఆ గుట్ట కూడా జారిపోవచ్చు. 2024 ఫిబ్రవరి 13న తుర్కియేలోని ఇలిచ్‌లో అలాంటి గుట్ట కూలి తొమ్మిది మంది కార్మికులు చనిపోయారు.

మన వైపు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. నవంబరులో వాయుగుండం పట్టిందంటే ఏడాదిలో కురవాల్సిన వానలో పెద్ద భాగం రెండు మూడు రోజుల్లో పడుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోవడం, ఆ నీరంతా పెన్నాలోకి రావడం నెల్లూరు వాళ్లు మరచిపోయేది కాదు. రామగిరి పాత బంగారు గనులున్న నేల కూడా పెన్నా పరీవాహకంలోనిదే. టెయిలింగ్స్ గట్టును సగటు వానకు లెక్కగట్టి కట్టకూడదు, ఆ ప్రాంతంలో ఊహించదగ్గ అతి పెద్ద వానకు కట్టాలి. చెరువులో నీరు గట్టును ఆనుకుని నిలవకూడదు. ఆనుకుంటే గట్టు లోపల తడి పైకెక్కి మట్టి పట్టు సడలుతుంది.

సైనైడ్ పేరు వింటేనే అందరూ భయపడతారు, కానీ ఎండా గాలీ తగిలితే దానిలో ఎక్కువ భాగం వారాల్లో, నెలల్లో విరిగిపోతుంది. తరాల పాటు వేధించేది గంధకం. చాలా బంగారు ఖనిజాల్లో గంధకం ఉన్న పైరైట్, ఆర్సెనోపైరైట్ అనే ఖనిజాలు ఉంటాయి. భూమి లోపల గాలి తగలనంత కాలం అవి కదలవు. పొడిచేసి బయట పోశాక ఆక్సిజన్, నీరు కలిసి వాటిని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. అసిడిథయోబాసిల్లస్ ఫెరోఆక్సిడాన్స్ అనే బాక్టీరియా ఈ పనిని ఎన్నో రెట్లు వేగం చేస్తుంది. ఆ ఆమ్లం రాతిలోని రాగి, కాడ్మియం వంటి లోహాలను కరిగించుకుంటూ పారుతుంది. ఆర్సెనోపైరైట్ ఉన్నచోట ఆర్సెనిక్ అనే విషం కూడా నీటిలోకి వస్తుంది, అదీ నీరు ఆమ్లంగా మారకుండానే.

ఈ సంగతిని ముందే పసిగట్టే దారి ఒకటుంది. బావినీరు పుల్లబడేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. రాతిలో సున్నపు అంశం ఉంటే అది కొన్నేళ్ల పాటు ఆమ్లాన్ని అణచిపెడుతుంది, పీహెచ్ మామూలుగానే కనిపిస్తుంది. ఆ సమయంలోనే గంధకం నుంచి పుట్టే సల్ఫేట్ మాత్రం ఏడాదికేడాది పెరుగుతుంది. అందుకే గని మొదలు కాకముందే చుట్టుపక్కల బోర్లలో సల్ఫేట్, ఆర్సెనిక్, పీహెచ్, విద్యుత్ వాహకత వానకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి పరీక్ష చేయించి కాగితాలు దాచుకోవాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఆర్సెనిక్ 0.01, సైనైడ్ 0.05, సల్ఫేట్ 200 మిల్లీగ్రాములు, లీటరుకు. మొదటి కాగితం లేకపోతే, తర్వాత ఎంత పెరిగినా "ఇది ఇక్కడి నేల గుణమే" అనేస్తారు.

నమూనా పట్టడంలోనే చాలా కేసులు వీగిపోతాయి. సైనైడ్ పరీక్షకు నీటిలో వెంటనే కాస్టిక్ సోడా కలిపి పీహెచ్ 12 దాటించి, ముదురు రంగు సీసాలో, ఐస్ పెట్టెలో పంపాలి. లేకపోతే ల్యాబుకు చేరేలోపే సైనైడ్ ఎగిరిపోయి "లేదు" అని రిపోర్టు వస్తుంది. లోహాలకు వేరే సీసా పెట్టి, అందులో నైట్రిక్ ఆమ్లం కలపాలి. ఈ రెండూ పొరపాటున కూడా కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కంపెనీ రిపోర్టులో "ఫ్రీ సైనైడ్" అంకె ఒక్కటే ఉంటే సరిపోదు. లోహాలతో జతకట్టిన సైనైడ్ అందులో లెక్కకు రాదు, మొత్తం సైనైడ్ ఎంతో అడగాలి.

కనిగిరి వైపు ఊళ్లలాగా వెయ్యి అడుగుల బోరు వేసినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేనిచోట గని ఇంకో దెబ్బ కొడుతుంది. గుంత లోతయ్యేకొద్దీ ఊటనీటిని తోడుతూనే ఉండాలి, దాంతో చుట్టూ నీటిమట్టం పడిపోతుంది. రాతినేలలో నీరు పగుళ్ల వెంట నడుస్తుంది. ఒకరి బోరు ఎండిపోతే పక్కవారిది బాగానే ఉండొచ్చు. ఈ తేడా చూపించి నష్టపరిహారం ఎగ్గొట్టడం తేలిక.

ఉద్యోగాలు వస్తాయి కదా అంటారు. వస్తాయి, గని ఉన్నంత కాలం. కోలార్ బంగారు గనులు 1880 నుంచి నడిచి సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చాయి. లోతు మూడు కిలోమీటర్లు దాటింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. సొరంగాల్లో రాతిదుమ్ము పీల్చినవాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మిగిలింది, పిల్లలు పని కోసం రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లాల్సి వచ్చింది. ఊరి మధ్య 13 సైనైడ్ దిబ్బల్లో 3 కోట్ల టన్నులకు పైగా పొడి నిలిచిపోయింది. గాలి వీచినప్పుడల్లా అది ఇళ్ల మీదికి, పొలాల మీదికి లేస్తుంది. బంగారం మాత్రం ఆ ఊళ్లో మిగల్లేదు.

నెల్లూరు ఆచారి వీధిలో పాత నగ కరిగించి కొత్తది చేసినప్పుడు కొత్తగా రాయి తవ్వాల్సిన పని లేదు. అక్కడా ఆమ్లపు పొగ ఉంటుంది, దానికి పొగగొట్టం, మాస్కు కావాలి. అయినా 27 టన్నుల రాయితో పోలిస్తే అది ఎంతో చిన్న సమస్య.

కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి, సభను వీడియో తీయాలి. ఆ నివేదికలో ముందుగా చూడాల్సింది ఆమ్లం పుట్టించే రాయి ఎంత, అణచే రాయి ఎంత అనే పరీక్ష. తర్వాత గని మూసివేత డబ్బు. 2021 సవరణ తర్వాత పెద్ద గనులు హెక్టారుకు 5 లక్షల హామీ చూపాలి, అంటే 500 హెక్టార్లకు 25 కోట్లు. కెనడాలోని జెయింట్ గనిలో భూమి కింద 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ పొడి మిగిలింది. 1999లో యజమాని కంపెనీ దివాలా తీసింది. శుద్ధి ఖర్చు అంచనా 438 కోట్ల కెనడా డాలర్లు, అది కట్టేది ప్రభుత్వం. కాబట్టి గని మూతపడ్డాక నీటిని శుద్ధిచేసే ప్లాంటు ఎన్నేళ్లు నడుస్తుంది, దాని కరెంటు బిల్లు ఎవరు కడతారు అని సభలో నోటితో అడగడంతో పాటు రాసి కూడా ఇవ్వాలి. ఆ ప్రశ్న, దానికి వచ్చిన జవాబు రెండూ మినిట్స్‌లో (సభ జరిగిన తీరు రాసే కాగితంలో) ఎక్కాయో లేదో చూసుకున్నాకే సభ నుంచి కదలాలి.