‘ఓకే’ గురించి మనం నమ్మే కథలు: అపోహలు - వాస్తవాలు

నేను చేసే పని ఇంగ్లీషు సినిమాలకీ సీరీస్‌లకీ తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం. ఆ పని లేని నెలల్లో ఫోన్ యాప్‌ల బటన్లకీ మెసేజ్‌లకీ తెలుగు రాస్తాను. ఈ మాట చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: “మరి పెద్ద పెద్ద ఇంగ్లీషు పదాలు వస్తే ఎలాగండీ?” పెద్ద పదాలతో పేచీ లేదు, వాటికి నిఘంటువులున్నాయి. నన్ను కూర్చోబెట్టి సతాయించేది రెండక్షరాల ‘ఓకే’. దాని మీద ఉన్నన్ని పుకార్లు ఇంకే ఇంగ్లీషు మాట మీదా లేవేమో అనిపిస్తుంది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులోనే నాలుగు రకాల కథలు చూశాను.

అపోహ: యుద్ధంలో ఆ రోజు ఎవరూ చనిపోకపోతే ‘జీరో కిల్డ్’ అని బోర్డు మీద రాసేవారు. సున్నా, కె కలిసి ‘ఓకే’ అయింది.

ఈ కథని కొందరు అమెరికా అంతర్యుద్ధానికి, కొందరు ప్రపంచ యుద్ధానికి అంటగడతారు. ఏ యుద్ధమైనా ఫలితం ఒకటే. అంతర్యుద్ధం మొదలైంది 1861లో. ‘ఓకే’ అంతకు 22 ఏళ్ళ ముందే పేపర్లో అచ్చయింది. మనవరాలి పెళ్ళిలో తాతగారు పుట్టారన్నట్టుంటుంది.

అదే యుద్ధంలో సైనికులకి ఇచ్చిన బిస్కెట్ల మీద ఆరిన్ కెండల్ అనే కంపెనీ పొడి అక్షరాలు ఉండేవని ఇంకో కథ. అది కూడా ఈ తేదీ దగ్గరే ఆగిపోతుంది. మన జనరల్ నాలెడ్జ్ ఫార్వర్డ్‌లలో తిరిగే ‘ఆబ్జెక్షన్ కిల్డ్’ అయితే మరీను. ఓ, కె అక్షరాలు ముందు పెట్టుకుని తర్వాత మాటలు వెతికినట్టు చూడగానే తెలిసిపోతుంది.

అపోహ: ఇంత పెద్ద మాటకి ఎక్కడో గొప్ప మూలం ఉండే ఉంటుంది.

లేదు. అదొక జోకు. అదీ కావాలని తప్పు స్పెల్లింగ్‌తో వేసిన జోకు.

1838లో అమెరికాలోని బోస్టన్ పేపర్లకి ఒక పిచ్చి పట్టుకుంది. మామూలు మాటల్ని పొడి అక్షరాల్లో రాయడం, అది చాలదన్నట్టు వాటి స్పెల్లింగ్ చెడగొట్టి మరీ రాయడం. ‘ఆల్ రైట్’ అనే మాటని ‘ఓల్ రైట్’ అని పలికినట్టు, ‘రైట్’ ముందు ఒక డబ్ల్యూ తగిలించి రాసి, దాని పొడి అక్షరాలు ఓ.డబ్ల్యూ. అనేవారు. ‘నో యూజ్’లోని ‘నో’కి ‘తెలుసు’ అనే అర్థమున్న ‘నో’ స్పెల్లింగ్ పెట్టి, ‘యూజ్’ని వై తో మొదలెట్టి కె.వై. అనేవారు. ‘స్మాల్ పొటేటోస్’ అంటే చిల్లర వ్యవహారం, దానికి ఎస్.పి. చదివినవాళ్ళకి అర్థం కాదేమోనని చాలాసార్లు పక్కనే విడమరిచి కూడా రాసేవారు. ఎస్సెమ్మెస్‌లు వచ్చిన కొత్తలో జి, ఆర్ పక్కన ఎనిమిది అంకె వేసి ‘గ్రేట్’ అని మురిసిపోయిన తరం మనది. వాళ్ళని చూసి నవ్వే హక్కు మనకి లేదు.

1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ రెండో పేజీలో ఒక వెక్కిరింత పేరా వచ్చింది. ఆ పేపరు ఎడిటరు చార్లెస్ గోర్డన్ గ్రీన్. బోస్టన్‌లో ‘గంటల మోత వ్యతిరేక సంఘం’ అని ఒక సరదా బృందం ఉండేది. వాళ్ళ న్యూయార్క్ ప్రయాణం గురించి రాస్తూ, పక్క ఊరు ప్రావిడెన్స్‌లోని పేపరు ఎడిటర్ని ఆ పేరాలో ఆటపట్టించారు. మధ్యలో ఎక్కడో ‘ఓ.కె.’ అని చిన్న అక్షరాల్లో, దాని పక్కన గీత గీసి ‘ఆల్ కరెక్ట్’ అని వివరణ. ‘ఆల్’ని ఓ తోనూ, ‘కరెక్ట్’ని కె తోనూ రాస్తే ఏమవుతుంది? రెండు అక్షరాలూ తప్పే. అంతా కరెక్టు అని చెప్పే మాటలో ఒక్కటీ కరెక్టు కాదు. జోకల్లా అదే.

దీన్ని తవ్వి తీసినాయన కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్. పాత పేపర్లు తిరగేసి, 1963-64లో ‘అమెరికన్ స్పీచ్’ పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. ఆయన చేసినదాంట్లో నాకు నచ్చేది ఆ ఒక్క పేరా దొరకడం కాదు. దాని చుట్టూ ఉన్న మిగతా పొడి అక్షరాలన్నీ పోగుచేసి, ఓకే ఒంటరిగా ఊడిపడలేదని, ఒక గుంపులో పుట్టిందని చూపించాడు.

అపోహ: అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాక ఫైళ్ళ మీద అలా రాసేవాడు.

ఇది ఎన్నికల పుకారు. 1840 ఎన్నికల వేడిలో, జాక్సన్ పార్టీని ఎగతాళి చేయడానికి ప్రత్యర్థులు పుట్టించారు. దీనికి సాక్ష్యంగా 1790 నాటి టెనెసీ కోర్టు కాగితం ఒకటి చూపించేవారు. జాగ్రత్తగా చూస్తే అందులో ఉన్నది ఓ.కె. కాదు, ఓ.ఆర్. ‘నమోదుకి ఆదేశం’ అని గుమాస్తాలు వేసే పొడి అక్షరాలు. చేతిరాతలో ఆర్ కాస్తా కె లా కనబడింది. మన పాత దస్తావేజుల్లో గొలుసుకట్టు రాత చదవబోయి తికమకపడిన వాళ్ళెవరికైనా ఇది ఆశ్చర్యం కలిగించదు.

అపోహ: అది చోక్తా భాష మాట. కాదు, గ్రీకు. కాదు, పశ్చిమాఫ్రికాది.

వీటిని మాత్రం కొట్టిపారేసే ముందు కొంచెం ఆగాలి. అమెరికా ఆదివాసుల్లో చోక్తాల భాషలో ‘అవును, అంతే’ అనే అర్థంలో ‘ఓకె’ లాంటి మాట ఉంది. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఇదే నిజమని నమ్మి, కాగితాల మీద చివర హెచ్ అక్షరం చేర్చి మరీ రాసేవాడు. గ్రీకులో ‘ఓలా కలా’ అంటే అంతా బాగుంది అని, అది కూడా నిజమే.

అయితే రెండు భాషల్లో మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలిసిపోదు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచొచ్చిన దారి కనిపించాలి. 1839 పేపర్లో మాట ఉంది, పక్కనే దాని అర్థం ఉంది, చుట్టూ దాని తోబుట్టువులున్నాయి. చోక్తా కథకి గానీ, గ్రీకు కథకి గానీ, పశ్చిమాఫ్రికా కథకి గానీ అలాంటి అడుగుజాడలు లేవు. ఇవి ఎందుకు చావవో నాకు అర్థమవుతుంది. ప్రపంచమంతా వాడే మాట ఎవరో పేపరాయన చిలిపితనం అంటే మనసొప్పదు.

అపోహ: మంచి మాట కాబట్టి దానంతటదే నిలబడింది.

కె.వై., ఓ.డబ్ల్యూ. ఏమయ్యాయి? పోయాయి. ఓకే కూడా వాటితోపాటే పోవలసింది. దాన్ని కాపాడింది రాజకీయం.

1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరన్ రెండోసారి పోటీ చేశాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ఊరి పేరుతో ఆయన్ని ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనేవారు. పొడి అక్షరాలు చూడండి. అభిమానులు న్యూయార్క్‌లో ఓకే క్లబ్ పెట్టారు, ఓకే నినాదమైంది. ఇక ప్రత్యర్థులు ఊరుకుంటారా? వాళ్ళూ కె తో ఆడుకున్నారు: ‘అవుట్ ఆఫ్ క్యాష్, అవుట్ ఆఫ్ క్రెడిట్, అవుట్ ఆఫ్ క్యారెక్టర్’, మూడింటికీ కె స్పెల్లింగే. డబ్బు లేదు, పరపతి లేదు, నీతి లేదు. వాన్ బ్యూరన్ ఓడిపోయాడు. మాట గెలిచింది. 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ మధ్య మోర్స్ టెలిగ్రాఫ్ లైను మొదలైంది. తంతి ఆఫీసుల వాళ్ళకి ‘అందింది, అంతా సరిగ్గా ఉంది’ అని చెప్పడానికి రెండక్షరాల మాట కంటే చవకైనది ఏముంటుంది?

‘ఓల్డ్ కిండర్‌హుక్’ నుంచే ఓకే పుట్టిందని కొన్ని పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. పుట్టుక కాదు అది, పెంపకం.

అపోహ: ‘ఎ-ఓకే’ అని మొదట అన్నది అంతరిక్షంలోకి వెళ్ళిన అలాన్ షెపర్డ్.

1961 మే 5న షెపర్డ్ వెళ్ళాడు, వచ్చాడు. ఆయన రేడియోలో మాట్లాడినదంతా రాతలో ఉంది, అందులో ఈ మాట లేదు. విలేకరులకి వివరాలు చెప్పే నాసా ప్రతినిధి జాన్ ‘షార్టీ’ పవర్స్ ఆ మాట వాడాడు. క్రెడిట్ షెపర్డ్ ఖాతాలో పడింది.

అపోహ: ఓకే అంటే సరే. అనువాదానికి అందులో ఏముంది?

నా కడుపు మండేది ఇక్కడ.

‘సరే’ అనే మాట మనది, ముద్దొచ్చే మాట. ‘సరి’కి ఏ చేరిస్తే సరే. సరిబేసి, సరిజోడు, సరిగ్గా, సరిచెయ్, సరిపోయింది, అన్నీ ఒకే కుదురు. కరెక్టు అనే అర్థం నుంచి ఒప్పుకోలు దాకా వచ్చింది. ఓకే నడిచిన దారీ అదే. కాబట్టి ఒప్పుకోలు చోట రెండూ అతుక్కుంటాయి. “రేపు రండి.” “సరే.” ఇంతవరకూ ఇబ్బంది లేదు.

కానీ ఓకే అక్కడ ఆగలేదు. గత నెల నేను చేసిన ఒక ఎపిసోడ్ తీసుకోండి. నలభై నిమిషాల్లో ఓకే ముప్ఫై దాకా వచ్చింది. మెట్ల మీంచి పడ్డ పాపతో తల్లి “ఆర్ యూ ఓకే?” అంటుంది. అక్కడ “నువ్వు సరేనా?” అని రాస్తే పాపకి దెబ్బ తగలడం కంటే ఘోరం. “దెబ్బ తగల్లేదుగా?” అని రాశాను. డాక్టరు బయటికొచ్చి “హీ ఈజ్ గోయింగ్ టు బీ ఓకే” అంటాడు. “ప్రాణానికేం భయం లేదు.” కొత్త బాస్ మీటింగులోకి వచ్చి చేతులు రుద్దుకుని “ఓకే!” అంటాడు. అది ఒప్పుకోలు కాదు, ‘ఇక మొదలెడదాం’ అనే గంట. మనం అయితే “ఆఁ, చెప్పండి” అంటాం. మొగుడూ పెళ్ళాల గొడవలో “ఓకే, ఓకే!” వస్తే అది “చాల్లే ఇంక”. రెస్టారెంట్ ఎలా ఉందంటే “ఇట్ వజ్ ఓకే”, అంటే “ఏదో, పర్లేదు”.

ఈ చివరిదే వింత. అంతా కరెక్టు అని మొదలైన మాట, అంతంతమాత్రం అనే చోటికి దిగింది. అలాగని పూర్తిగా దిగిపోనూ లేదు. మన వాడకంలోనూ ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. షూటింగులో డైరెక్టరు “టేక్ ఓకే” అంటే యూనిట్ అంతా ఊపిరి పీల్చుకుంటుంది. అదే సినిమా చూసొచ్చినవాడు “ఓకే అండీ” అంటే నిర్మాతకి టెన్షన్. సంబంధం ఓకే అయిందంటే ఇంట్లో స్వీట్లు. పిల్లాడు ఎలా ఉన్నాడని అడిగితే అమ్మాయి “ఓకే” అంటే, పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఓకే మెచ్చుకోదు, తిట్టదు. అడ్డు లేదని మాత్రం చెబుతుంది.

అపోహ: కంప్యూటర్లో ‘ఓకే’ బటన్ ఎవరూ ఆలోచించకుండానే వచ్చింది.

1980ల మొదట్లో యాపిల్ వాళ్ళు లీసా కంప్యూటర్ తయారుచేస్తున్నప్పుడు, ఓకే మరీ వీధి భాషలా ఉందని పక్కన పెట్టి, బటన్ మీద ‘డూ ఇట్’ అని రాశారు. మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షిస్తే కొందరు ఆ బటన్ దగ్గర ఆగిపోతున్నారు. ఒకాయనకి చిర్రెత్తింది: “నేను మొద్దునా? ఇది నన్ను డోల్ట్ అంటోందేంటి?” రెండు మాటల మధ్య ఖాళీ సరిగా లేక, ఐ అక్షరం ఎల్ లా కనబడి, ‘డూ ఇట్’ కాస్తా ‘డోల్ట్’ అయింది. అంటే మొద్దు. దెబ్బకి ఓకే వెనక్కి వచ్చింది.

నా వంతు పొరపాటు కూడా చెప్పాలి. ఒక యాప్ కోసం ఎక్సెల్ షీట్‌లో స్ట్రింగులు, అంటే స్క్రీన్ మీద కనిపించే మాటలు, వచ్చాయి. ఒక వరసలో ‘ఓకే’, ఇంకో వరసలో ‘క్యాన్సిల్’. ఎక్కడ కనిపిస్తాయో చెప్పలేదు, నేనూ అడగలేదు. ‘సరే’, ‘రద్దు చేయి’ అని రాసి పంపేశాను. అవి వెళ్ళి కూర్చున్న చోటు ఇది: పైన “మీ ఆర్డర్ రద్దు చేయాలా?”, కింద రెండు బటన్లు, “సరే”, “రద్దు చేయి”. ఆర్డర్ రద్దు చేద్దామనుకున్నవాడు ఏది నొక్కుతాడు? రెండోదే. నొక్కితే పెట్టె మూసుకుంటుంది, ఆర్డర్ ఇంటికి వస్తుంది. ఫిర్యాదులు వచ్చాక నాకు స్క్రీన్‌షాట్ పంపారు. ఇప్పుడు అలాంటి చోట “అవును, రద్దు చేయండి”, “వద్దు, ఉంచండి” అని రాస్తున్నాను. బటన్ పొడవు పెరుగుతోందని డిజైనర్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

అపోహ: బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే ఎక్కడైనా ఓకేనే.

జపాన్‌లో అది డబ్బు. బ్రెజిల్‌లో బూతు. నీళ్ళలో మునిగే స్కూబా డైవర్లు ఓకేకి ఈ గుర్తే వాడతారు, ఎందుకంటే వాళ్ళకి బొటనవేలు పైకి చూపిస్తే ‘పైకి పోదాం’ అని. మనకి అదే ఆకారంలో చిన్ముద్ర ఉంది. దానికీ ఓకేకీ ఏ సంబంధమూ లేదు, ఫార్వర్డ్ చేయకండి.

ఇది రాస్తుండగా ఒక డైలాగు దగ్గర ఆగి ఉన్నాను. భార్యాభర్తలు రాత్రంతా కొట్లాడుకుని, పొద్దున్నే కాఫీ కప్పు ముందు పెడుతూ భర్త మెల్లగా అంటాడు: “ఆర్ వీ ఓకే?” స్క్రీన్ మీద ఉండేది రెండు సెకన్లు. ముందు “మన మధ్య ఏమీ లేదుగా?” అని రాశాను. రాశాక చదివితే పక్కింటావిడతో అంటున్నట్టుంది. కొట్టేశాను. “అంతా సర్దుకున్నట్టేనా?” అంటే పంచాయతీ పెద్దమనిషి తీర్పు చెప్పినట్టుంది. చివరికి “కోపం పోయిందా?” అని పెట్టి పంపాను.