క్వారీ అంచున కూర్చుని బొమ్మలేసే మనిషి, దాని వెనక కథ

చీమకుర్తిలో మాకు తెలిసిన ఒకన్న ఉన్నాడు, ఒకప్పుడు షాపు బోర్డులు, ఎలక్షన్ గోడ రాతలు రాసేవాడు, ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు ఆదివారమొస్తే రామతీర్థం వైపు క్వారీ అంచున గొడుగు పాతుకుని కూర్చుని ఆయిల్ రంగులతో బొమ్మలేస్తన్నాడు. టిప్పర్ డ్రైవర్లు ఆపి మరీ "ఏందన్నా, ఆ గుంతలో ఏముందని గీస్తన్నావ్, ఫోన్లో ఫొటో తీస్కోరాదా" అంటారు.

ఈ బయట కూర్చుని వేయడం అనేదానికి పెద్ద కథే ఉంది. యూరప్‌లో చాలాకాలం చెట్టూ కొండా అంటే దేవుడి వెనకో రాజు వెనకో ఉండే సరుకే. 1830ల నుంచి పారిస్‌కి దగ్గర్లో ఫాంటెన్‌బ్లో అడవి పక్కన బార్బిజాన్ అనే పల్లెలో తియడోర్ రూసో, మిలే లాంటి పెయింటర్లు చేరి ఆ చెట్టునీ పొలాన్నీ ముందుకి తెచ్చారు. అప్పట్లో నూరిన రంగుని పంది మూత్రాశయం సంచిలో కట్టి, పొడిచి పిండుకునేవాళ్లంట, ఒకసారి పొడిచాక మళ్లీ సరిగ్గా మూయలేరు, ఇంక దాన్నేసుకుని అడవిలో ఏం తిరుగుతారు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ పెయింటర్ తగరం ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాక ఆ తిప్పలు తగ్గాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం రూసో గొడవ. పాత ఓక్ చెట్లు కొట్టేస్తుంటే ఊరుకోకుండా సర్కారుకి అర్జీ పెట్టుకున్నాడు, చివరికి 1861లో వెయ్యి హెక్టార్లకు పైగా అడవిని ఆర్టిస్టుల కోసమని విడిగా ఉంచారు. బొమ్మలేసుకునేవాళ్ల కోసం అడవిని వదిలేశారంటే మన దగ్గర ఎవరన్నా నమ్ముతారా!

మన తెలుగులో ఈ తరహా అనగానే రాజమండ్రి దామెర్ల రామారావే గుర్తొస్తాడు, కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే చేయిపట్టి బాంబే జేజే ఆర్ట్ స్కూల్ దాకా పంపించాడు, పాపం 1925లో 28 నిండకుండానే పోయాడు. గోదావరికి ఆయన దొరికాడు, మా గుండ్లకమ్మకి అట్టాంటోడు దొరకలా.

మా అన్న వేసేది అడవి కాదులెండి, బ్లాక్ గెలాక్సీ రాయి తవ్వుకుపోయిన గుంత. అంత నల్ల రాయేస్తూ కూడా నలుపు ట్యూబు ముట్టడు, ముదురు నీలంలో గోధుమ రంగు కలిపి నలుపు తెస్తాడు, రాతిలో మెరిసే ఆ బంగారు చుక్కల్ని బోర్డులు రాసిన పాత బ్రష్షు కొసతో పెడతాడు. గాలొస్తే తడి రంగు మీద క్వారీ డస్ట్ పడుద్ది, తుడవడు. మొన్న వేలితో తాకి చూశా, ఉప్పుకాగితంలా గరుగ్గా ఉంది, "ఇంకా ఆరలేదబ్బా, చెయ్యి తియ్" అని కసిరాడు.