క్యాప్: భుజాల మీంచి తలకెక్కిన మాట

పెన్నుకు క్యాప్, సీసాకు క్యాప్, చలికాలంలో మంకీ క్యాప్. ఇంగ్లిష్ రానివాళ్ల నోట కూడా నలిగే ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘కప్పా’. అంటే తలముసుగుతో పాటు భుజాలను కూడా కప్పే పైవస్త్రం. మన ‘కప్పడం’తో పోలిక చూసి సంబరపడనక్కర్లేదు, రెండింటికీ చుట్టరికం లేదు. ఇంగ్లిష్‌లోకి వచ్చాక అది తలకే పరిమితమై క్యాప్ అయింది. భుజాల మీది వస్త్రం ఫ్రెంచి దారిన వచ్చి ‘కేప్’ అయింది.

ఈ మాట సంతానంలో ‘చాపెల్’ కథ మరీ ముచ్చటైనది. 4వ శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సైనికుడు ఇప్పటి ఫ్రాన్స్‌లోని అమియాఁ పట్టణంలో చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి, తన పైవస్త్రాన్ని కత్తితో రెండుగా చీల్చి సగం ఇచ్చాడని క్రైస్తవ గాథ. ఆయనదిగా నమ్మిన వస్త్రాన్ని, ఆ ప్రాంతాన్ని తర్వాత ఏలిన ఫ్రాంకు రాజులు పవిత్రంగా దాచుకున్నారు. ఆ ‘కప్పెల్లా’ను, అంటే చిన్న కప్పాను, ఉంచిన మందిరం చాపెల్ అయింది. దాన్ని కాపాడిన పూజారులు చాప్లెయిన్లయ్యారు. ‘ఎస్కేప్’ కూడా ఈ ఇంటిదే: పట్టుకున్నవాడి చేతిలో పైవస్త్రాన్ని వదిలేసి పారిపోవడమన్నమాట. స్టాక్ మార్కెట్ వార్తల్లోని ‘మార్కెట్ క్యాప్’ మాత్రం వేరు. అది క్యాపిటలైజేషన్‌ను, అంటే కంపెనీ షేర్ల మొత్తం విలువను చెప్పే మాటను, కత్తిరించగా మిగిలిన ముక్క.

ఇంగ్లండులో క్యాప్ ఒకప్పుడు చట్టం దాకా వెళ్లింది. జనం వేరేరకం టోపీలకు మరలడంతో ఉన్ని క్యాపులు అల్లేవాళ్ల బతుకు దెబ్బతింది. వాళ్లకోసం 1571లో పార్లమెంటు ఒక శాసనం చేసింది. ఆరేళ్లు దాటినవాళ్లు ఆదివారాల్లో, పండుగల్లో దేశంలో తయారైన ఉన్ని క్యాప్ పెట్టుకుని తీరాలి. లేకుంటే రోజుకు 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. ప్రభువులకు, ‘నైట్’ బిరుదున్నవాళ్లకు, ఉన్నత కుటుంబాల స్త్రీలకు మినహాయింపు. దాంతో క్యాప్ పెట్టినవాడు సామాన్యుడని తలను చూసి చెప్పేయవచ్చు. చేతివృత్తిని కాపాడతామని బయల్దేరి అంతరాన్ని నెత్తికెత్తిన ఈ చట్టం 1597లో రద్దయింది.

అదే క్యాప్‌ను గౌరవచిహ్నంగా మార్చింది ఆటలు. జట్టంతటికీ ఒకే రంగు చొక్కాలు లేని తొలి రోజుల్లో ఎవరు ఎటువైపో టోపీని బట్టి తెలిసేది. 1886లో ఎన్. ఎల్. జాక్సన్ ప్రతిపాదన మేరకు, ఇంగ్లండు తరఫున ఆడిన ప్రతి ఫుట్‌బాలర్‌కూ ఎర్రగులాబీ కుట్టిన తెల్ల పట్టు క్యాప్ ఇవ్వాలని అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ తీర్మానించింది. ఆ టోపీతో ఎవరూ మైదానంలో దిగరు. అయినా ‘వంద క్యాపులు’ అంటే నూరు అంతర్జాతీయ మ్యాచ్‌లని ఈనాటికీ లెక్క.

క్రికెట్‌లో లెక్క వేరు. క్యాప్ నంబరు చెప్పేది దేశం తరఫున ఎన్నోవాడిగా అడుగుపెట్టాడని. 1932 జూన్‌లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు పదకొండుమందీ కొత్తవాళ్లే కాబట్టి నంబర్లు ఇంగ్లిష్ అక్షరక్రమంలో పడ్డాయి. అందుకే జట్టును నడిపించిన మన తెలుగు కుటుంబీకుడు సి. కె. నాయుడు భారత టెస్టు క్యాపుల వరుసలో 7వ వాడు.